ఆమేన్ ఎవరి మాట?

(గ్రంథాలయంలో నెలనెలా జరిగే ఆదివారం సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

పెద్దలకు నమస్కారం. పిల్లలు కూడా వచ్చారు, సంతోషం. వెనక వరసలో వాళ్లకు వినిపిస్తోందా? సరే.

ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఒకే ఒక్క మాట. ఆమేన్. ఒక్క మాట మీద ఈయన గంటసేపు ఏం చెబుతాడులే అనుకుంటున్నారేమో. గంట పట్టదు, భయపడకండి.

ఈ హాల్లో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, మసీదుకు వెళ్లేవాళ్లున్నారు, గుడికి వెళ్లేవాళ్లున్నారు. ఎక్కడికీ వెళ్లనివాళ్లూ ఉన్నారు, వాళ్లెవరో కూడా నాకు తెలుసు. ఈ మాట విననివాళ్లు మాత్రం ఎవరూ ఉండరు. దాని అర్థం అడిగితే ఏమంటారు? ‘అలాగే జరుగుగాక’ అంటారు. తప్పేం కాదు. నేను అడగబోయేది ఇంకో ప్రశ్న. ఆమేన్ అనాల్సింది ఎవరు? ప్రార్థన చేసేవాడా, వినేవాడా?

మనం రోజూ చూసేదేమిటి? ప్రార్థన చేసినవాడే చివర్న ఆమేన్ అంటాడు. ఆకలి మీదున్న పిల్లాడు కళ్లు మూసుకుని గబగబా నాలుగు ముక్కలు చెప్పి, ఆమేన్ అనేసి కంచంలో చెయ్యి పెట్టేస్తాడు. వాడికి ఆమేన్ అంటే ‘అయిపోయింది, ఇక తినొచ్చు’ అని. హీబ్రూ బైబిలు, అంటే పాత నిబంధన, తిరగేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. అక్కడ చాలాచోట్ల ఒకరు మాట్లాడతారు, ఇంకొకరు ఆమేన్ అంటారు. ఆ అనడంతో పీకల మీదికి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

బైబిల్లో ఈ మాట మొట్టమొదట ఎక్కడ వస్తుందో ఎవరైనా చెప్పగలరా? కీర్తనల్లో అనుకుంటారు. కాదు. సంఖ్యాకాండం అయిదో అధ్యాయం, 22వ వచనం. అక్కడున్నది స్తుతి కాదు, పాట కాదు. భర్త అనుమానించిన ఒక ఆడమనిషి. సాక్షి లేడు, రుజువు లేదు, అనుమానం ఒక్కటే ఉంది. ఆమెను యాజకుడి ముందు నిలబెడతారు. యాజకుడు ఆమె తలమీది ముసుగు తీసేస్తాడు. చేతుల్లో యవల పిండి పెడతాడు. మట్టిపాత్రలో పవిత్రమైన నీళ్లు తీసుకుని, ఆరాధన జరిగే గుడారం నేల మీది ధూళి అందులో కలుపుతాడు. నువ్వు తప్పు చేసి ఉంటే ఈ నీళ్లు నీ కడుపులోకి పోయి ఇలా ఇలా చేస్తాయి అని శాపం చదువుతాడు. ఆ శాపాన్ని రాసి, ఆ రాతను ఆ నీళ్లలోనే కడిగేస్తాడు. అంటే ఆమె తాగేది ఆ అక్షరాలనే. తాగేముందు ఆమె ఏమనాలి? ‘ఆమేన్, ఆమేన్’ అనాలి.

చూశారా? ఈ మాట మొదటిసారి పలికింది ఒక ఆడమనిషి, అదీ శాపానికి జవాబుగా. వేరే గతి ఉండి పలికిందా? లేదు. ఆమె చేత పలికించారు. ఆమేన్ చరిత్ర ఇలా మొదలైందని మన ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు, ఎందుకో మరి. తర్వాతి కాలపు యూదు పండితులు రెండు ఆమేన్‌లు ఎందుకని చర్చించారు. ఒకటి శాపానికి, ఒకటి ప్రమాణానికి అన్నారు. ఈ నీళ్ల పరీక్షను యోహానాన్ బెన్ జక్కాయ్ అనే గురువు మాన్పించేశాడని యూదుల పాత నియమాల గ్రంథం మిష్నా చెబుతుంది. మంచి పని చేశాడు.

తర్వాత ద్వితీయోపదేశకాండం 27. గెరిజీము, ఏబాలు అని రెండు కొండలు. లేవీయులు, అంటే ఆరాధన పనులు చూసే గోత్రంవాళ్లు, గొంతెత్తి చదవాలి. పొరుగువాడి సరిహద్దు రాయి జరిపినవాడు శాపగ్రస్తుడు. జనమంతా ఆమేన్. గుడ్డివాడికి దారి తప్పించినవాడు శాపగ్రస్తుడు. ఆమేన్. పరదేశికీ, తండ్రిలేనివాడికీ, విధవరాలికీ న్యాయం తప్పించినవాడు శాపగ్రస్తుడు. ఆమేన్. ఇలా పన్నెండుసార్లు. గమనించండి, ఇవన్నీ చాటుగా చేసే తప్పులు. గట్టు రాయి రాత్రిపూట జరిపితే ఎవడు చూస్తాడు? ఎవరూ చూడరు కనకే, పగటిపూట పదిమందిలో వాడి చేత ముందే ఆమేన్ అనిపించారు.

ఇక నాకు బాగా ఇష్టమైన చోటు నెహెమ్యా గ్రంథం. ఇక్కడ కాస్త ఆగుతాను.

క్రీ.పూ. 445 ప్రాంతం. పారసీక చక్రవర్తి దగ్గర పానపాత్ర అందించే ఉద్యోగి నెహెమ్యా. సెలవు తీసుకుని యెరూషలేముకు వచ్చి, కూలిన గోడ కట్టిస్తున్నాడు. ఈలోగా జనం మొరపెట్టుకున్నారు. కరువు వచ్చింది, తిండిగింజల కోసం పొలాలు తాకట్టు పెట్టాం, ద్రాక్షతోటలు పెట్టాం, ఇళ్లు పెట్టాం. చక్రవర్తికి శిస్తు కట్టడానికి అప్పు చేశాం. ఇప్పుడు మా కొడుకుల్నీ కూతుళ్లనీ దాస్యానికి పంపాల్సి వస్తోంది. అప్పులిచ్చింది ఎవరు? బయటివాళ్లు కాదు, సొంత జాతివాళ్లే. ఈ కథ మనకు కొత్తా? చెప్పండి.

నెహెమ్యాకు కోపం వచ్చింది. పెద్దల్ని పిలిచి సభ పెట్టాడు. పొలాలు తిరిగివ్వండి, తోటలు తిరిగివ్వండి, తీసుకున్న నూరో వంతు వడ్డీ తిరిగివ్వండి అన్నాడు. ‘ఇచ్చేస్తాం, వాళ్లనేమీ అడగం’ అన్నారు వాళ్లు. అప్పులిచ్చేవాళ్ల మాట ఎంతవరకు నమ్మొచ్చో నెహెమ్యాకు తెలుసు. యాజకుల్ని పిలిపించి వాళ్ల చేత ప్రమాణం చేయించాడు. అక్కడితోనూ ఆగలేదు. లేచి తన ఒడి దులిపాడు. వస్త్రం మడతలో డబ్బూ వస్తువులూ పెట్టుకునే చోటది. దాన్ని దులిపి, ఈ మాట తప్పినవాణ్ని దేవుడు వాడి ఇంట్లోంచీ ఆస్తిలోంచీ ఇలాగే దులిపేస్తాడు గాక అన్నాడు. సభ అంతా ఒక్కసారిగా ‘ఆమేన్’ అంది.

అందులో అప్పు తీసుకున్నవాళ్లున్నారు, అప్పిచ్చినవాళ్లూ ఉన్నారు. అప్పిచ్చినవాడి నోటి ఆమేన్ ఖరీదు ఎంతో లెక్కేయండి. కొన్ని పొలాలు, కొన్ని తోటలు, అప్పటిదాకా గుంజిన వడ్డీ. ‘జనం ఆ మాట ప్రకారమే జరిగించారు’ అని కూడా రాశారు. అది రాయాల్సి వచ్చిందంటే, జరగకపోయే ప్రమాదం ఉందనే కదా!

మూడో రకం ఆమేన్ కూడా ఒకటుంది, అది వేళాకోళంలా ధ్వనిస్తుంది. యిర్మీయా 28వ అధ్యాయం. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో నిలబడి, రెండేళ్లలో బబులోను రాజు మన మీద మోపిన కాడి విరిగిపోతుంది, దోచుకుపోయిన పాత్రలన్నీ తిరిగొస్తాయి అని చెప్పాడు. అందరికీ వినసొంపైన మాట. యిర్మీయా అప్పటికి మెడమీద కొయ్యకాడి వేసుకుని తిరుగుతున్నాడు, లొంగి బతకండి అని చెబుతూ. హనన్యా మాట విని ఆయనేమన్నాడు? ‘ఆమేన్! యెహోవా అలాగే చేయుగాక!’ అన్నాడు. అని, ఆ వెంటనే ‘అయినా నేను చెప్పేది విను’ అని మొదలుపెట్టాడు. నిజమైతే నాకంటే సంతోషించేవాడు ఎవడు అన్నట్టు.

ఈ మూడు ఘట్టాల్ని నేనేదో తెలివిగా ఏరానని అనుకోకండి. యూదు పండితుల చర్చల గ్రంథం తాల్ముదులో ప్రమాణాల గురించి షెవూఓత్ అనే భాగం ఉంది. అందులో రబ్బీ యోసే బర్ హనీనా అనే ఆయన ఆమేన్‌లో మూడు ఉన్నాయంటాడు. ప్రమాణం ఉంది, ఒప్పుకోలు ఉంది, మాట నిలబడాలన్న కోరిక ఉంది. మొదటిదానికి ఆ ఆడమనిషిని చూపించాడు, రెండోదానికి రెండు కొండల దగ్గరి జనాన్ని, మూడోదానికి యిర్మీయాను. నెహెమ్యాను నేను కలుపుకున్నాను, అంతే.

సరే, ధాతువు సంగతి. హీబ్రూలో మాటలకు సాధారణంగా మూడు హల్లుల మూలం ఉంటుంది. దీనికి అలెఫ్, మేమ్, నూన్. అర్థం గట్టిగా ఉండడం, ఆనుకుంటే పడిపోకుండా నిలవడం. ఇదే మూలం నుంచి ఏమేం వచ్చాయో చూడండి. రూతు కథలో నయోమి మనవణ్ని ఒళ్లో పెట్టుకుని పెంచింది కదా, అక్కడ ఆమెను ‘ఓమెనెత్’ అన్నారు. పెంచే తల్లి అని. యెషయా 60లో కూతుళ్లను చంకనెత్తుకుని తెస్తారని ఉంటుంది, అక్కడి క్రియా ఇదే. రాజైన హిజ్కియా అష్షూరు రాజుకు కప్పం కట్టడానికి దేవాలయం తలుపుల బంగారం ఊడదీశాడు. తలుపులతోపాటు ఊడదీసిన కంబాలను ‘ఓమ్‌నోత్’ అన్నారు. యుద్ధం జరుగుతుంటే మోషే చేతులు బరువెక్కాయి, అహరోనూ హూరూ చెరోవైపు పట్టుకున్నారు, పొద్దుగుంకేదాకా చేతులు నిలకడగా ఉన్నాయి. ఆ ‘నిలకడ’కు హీబ్రూ మాట ‘ఎమూనా’. తర్వాత అదే విశ్వాసానికి మాట అయింది. ఇద్దరు పట్టుకుంటే గాని నిలవని చేతుల దగ్గర వాడిన మాట, గుర్తుంచుకోండి.

యెషయా 7:9లో ఈ మూలంతో ఒక చమత్కారం ఉంది. ‘ఇమ్ లో తఆమీనూ, కీ లో తేఆమేనూ’. చెవికి ఒకలాగే ఉంటాయి రెండూ. తెలుగు బైబిలు ‘మీరు నమ్మకుండినయెడల స్థిరపడకుందురు’ అంది. అర్థం చక్కగా వచ్చింది, మోత రాలేదు. ఏం చేస్తారు, తెలుగులో నమ్మకానికీ స్థిరానికీ ఒకే ధాతువు లేదు.

అరబ్బీ హీబ్రూకు దాయాది భాష. అక్కడా ఇదే మూలం ఉంది. ఈమాన్, అమానత్, అమీన్, అన్నీ ఆ కుదురులోవే. అమీన్ అంటే నమ్మదగినవాడు. మన పాతతరం వాళ్లకు ఆయన వేరే వేషంలో తెలుసు. కోర్టు అమీనా! డిక్రీ పట్టుకుని జప్తుకు వచ్చేవాడు. ముందు వరసలో ప్లీడరుగారు నవ్వుతున్నారు. కోర్టు నమ్మి పంపిన మనిషి కాబట్టి ఆ పేరు. ఆయన గుమ్మంలోకి వస్తే మాత్రం ఎవరూ ఆమేన్ అనరు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఫోన్లలో తిరుగుతుంటుంది, ఆమేన్ అంటే ఈజిప్టు దేవుడు ఆమున్ పేరని, లేదా మన ఓంకారమే అలా మారిందని. రెండూ కావు. ఆమున్ పేరుకు ఈజిప్టు భాషలో దాగి ఉన్నవాడని అర్థం, అది వేరే భాష, వేరే ధాతువు. పైగా యిర్మీయా 46లో ఆ దేవుడి పేరు విడిగా వస్తుంది, అదీ వాణ్ని శిక్షిస్తానని చెప్పే చోట. ఓంకారానికైతే ఆ మాత్రం ఆధారం కూడా లేదు. మోత కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

మరి మన తథాస్తు? అది అడగదగిన ప్రశ్న. సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, చెడ్డమాట అనకు అని మన ఇళ్లలో కసురుతారు. అర్థం చూస్తే ఆమేన్‌కు దగ్గరే. కాని తథాస్తు మామూలుగా ఇచ్చేవాడి మాట. దేవుడు అంటాడు, ఋషి అంటాడు. ఆమేన్ పుచ్చుకునేవాడి మాట. పెళ్లిలో ఆశీర్వచనం చదువుతుంటే పక్కనున్న బ్రాహ్మలంతా తథాస్తు అంటారు కదా మాస్టారూ, అంటారా? నిజమే. అక్కడ మాత్రం రెండూ బాగా దగ్గరికొస్తాయి.

ఇప్పుడు అనువాదాల సంగతి. క్రీస్తుకు పూర్వమే యూదులు తమ గ్రంథాన్ని గ్రీకులోకి మార్చారు. ఆ ఆడమనిషి ఆమేన్‌ను, కొండల దగ్గరి ఆమేన్‌ను ‘గెనొయితో’, అంటే జరుగుగాక, అని మార్చారు. యిర్మీయా దగ్గర ‘నిజంగా’ అన్నారు. నెహెమ్యాకు వచ్చేసరికి అనువదించకుండా ఆమేన్ అనే ఉంచేశారు. అలా ఉంచేయడం వల్లే అది తర్వాత లాటిన్‌లోకీ, సిరియాక్‌లోకీ, ఇటు మన తెలుగులోకీ చెక్కుచెదరకుండా వచ్చింది.

సువార్తల్లో ఒక వింత ఉంది. యేసు తన మాట మొదట్లోనే ఆమేన్ అంటాడు. ఇంకొకరి మాటకు జవాబుగా కాదు, తాను చెప్పబోయేదానికి ముందు. యోహాను సువార్తలో అయితే ‘ఆమేన్, ఆమేన్’ అని జంటగా 25 సార్లు. అప్పటి వినేవాళ్ల చెవికి అది ఎంత కొత్తగా తగిలి ఉంటుందో! మన తెలుగు బైబిల్లో అది కనబడదు. యోహాను 3:3 తీయండి. ‘నీతో నిశ్చయముగా చెప్పుచున్నాను’ అని ఉంటుంది. రెండు ఆమేన్‌లూ కలిసి ఒక్క ‘నిశ్చయముగా’ అయ్యాయి, అదీ వాక్యం మొదట్లోంచి చివరికి వెళ్లింది. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, దానితోపాటు ఇదీ వెళ్లింది. అనువాదకుల్ని తప్పుపట్టను. కాని ఈసారి చదివేటప్పుడు అక్కడ ఏముండేదో తలుచుకోండి.

ఇక యూదుల ప్రార్థనామందిరం. వినేవాడి మాట అన్నాను కదా, వాళ్లు దాన్ని నియమంగానే పెట్టుకున్నారు. ఒకరు ఆశీర్వాదం చదివితే విన్నవాళ్లు ఆమేన్ అనాలి. తన ఆశీర్వాదానికి తానే ఆమేన్ అనుకోవడం బాగుండదన్నారు. ఒక్క మినహాయింపు, భోజనం తర్వాత చెప్పే ప్రార్థనలో యెరూషలేము గురించిన ఆశీర్వాదం ముగిశాక. దాని మీద తాల్ముదులో ఒక ముచ్చట ఉంది. అబాయె అనే గురువు అక్కడ ఆమేన్ గట్టిగా అనేవాడట. ఎందుకు? కూలిపని చేసేవాళ్లకు వినబడి, వాళ్లు లేచి పనికి పోవడానికి. అక్కడి దాకానే ధర్మశాస్త్రం విధించింది, తర్వాతి ఆశీర్వాదం పెద్దలు చేర్చింది. రవ్ ఆషీ మాత్రం మెల్లగా అనేవాడట, గట్టిగా అంటే ఆ చివరి ఆశీర్వాదాన్ని జనం తేలిగ్గా తీసుకుంటారని. భోజనాల దగ్గర ఆమేన్ ఎంత గట్టిగా అనాలన్నదానికి కూలివాడి పనివేళకూ సంబంధం ఉందన్నమాట.

ఆమేన్‌లకు వాళ్లు పేర్లు కూడా పెట్టారు. ఆశీర్వాదం పూర్తికాకముందే అందుకునేది లాక్కున్న ఆమేన్. అక్షరం మింగేసేది తెగిన ఆమేన్. ఏ మాటకు అంటున్నాడో వినకుండా అనేది అనాథ ఆమేన్. యెతోమా అంటారు. ఈ పేరు నాకు మహా నచ్చింది. దానికి ముందు ఉండాల్సిన మాట లేదు, కాబట్టి అనాథ. మన సభల్లో ‘ఆమేనా?’ అనగానే ఏం చెప్పాడో వినకపోయినా ‘ఆమేన్!’ అంటామే, అది ఏ కోవలోకి వస్తుందో మీరే తేల్చుకోండి.

అలెగ్జాండ్రియాలో ఒక మహా ప్రార్థనామందిరం ఉండేదని తాల్ముదు చెబుతుంది. రెండు వరసల స్తంభాలు. 71 బంగారు పీఠాలు, పెద్దల కోసం. జనం ఎక్కడపడితే అక్కడ కూర్చోరు. కంసాలులు ఒకచోట, వెండిపనివాళ్లు ఒకచోట, కమ్మరులు ఒకచోట, నేతవాళ్లు ఒకచోట. ఎందుకలా? ఊరికి కొత్తగా ఒక బీదవాడు వస్తే తన పనివాళ్లెవరో గుర్తుపట్టి వాళ్ల దగ్గరికి వెళ్తాడు, వాడికీ వాడి ఇంటికీ అన్నం పుడుతుంది. ఇంత పెద్ద హాలు, మైకులు లేవు. చదివేవాడి గొంతు చివరిదాకా ఎలా వెళ్తుంది? నడుమ ఒక కొయ్య వేదిక మీద సేవకుడు చేతిలో గుడ్డలు పట్టుకుని నిలబడేవాడు. ఆమేన్ అనాల్సిన వేళకు గుడ్డ ఊపేవాడు, హాలంతా ఆమేన్ అనేది. మరి ఇది అనాథ ఆమేన్ కాదా? వాళ్లు ఆశీర్వాదం వినలేదు కదా? తర్వాతి పండితులకూ ఇదే సందేహం వచ్చింది. చెవికి వినబడకపోయినా ఇప్పుడు ఏ ఆశీర్వాదం నడుస్తోందో వాళ్లకు తెలుసు కాబట్టి అనాథ కాదని సమాధానం చెప్పుకున్నారు.

చర్చి సంగతి క్లుప్తంగా చెబుతాను. పౌలు కొరింథీయులకు రాస్తూ, నువ్వు అర్థం కాని భాషలో కృతజ్ఞతాస్తుతి చేస్తే పక్కనున్న తెలియనివాడు ఆమేన్ ఎలా అంటాడు అని అడిగాడు. వినేవాడి పక్షం తీసుకున్నాడు చూశారా. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో జస్టిన్ అనే ఆయన, సభ నడిపే పెద్దాయన ప్రార్థన ముగిస్తే జనమంతా ఆమేన్ అంటారు, హీబ్రూలో దానికి జరుగుగాక అని అర్థం అని చక్రవర్తికి వివరించి రాశాడు. ఈజిప్టులో క్రైస్తవులు ఉత్తరాల చివర 99 అని వేసేవారు. గ్రీకు అక్షరాలకు అంకెల విలువలుంటాయి, ఆమేన్ అక్షరాలు కూడితే 99. అన్నిటికంటే పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీన్ మాట నాకు సూటిగా తగులుతుంది. మీ ఆమేన్ మీ సంతకం అన్నాడాయన. నెహెమ్యా సభలో జరిగింది అదే.

ముస్లిములు ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదివాక ఆమీన్ అంటారు. ఆ మాట ఖురాన్ పాఠంలో లేదు, చదివాక అనేది. ఇమాం వెనక నిలబడ్డవాళ్లు గట్టిగా అనాలా, లోపల అనుకోవాలా? ముస్లిం ధర్మశాస్త్ర శాఖల్లో హనఫీలు మెల్లగా అంటారు, షాఫియీలు, హంబలీలు గట్టిగా. ఇది మన దేశంలో కోర్టుకెక్కింది తెలుసా? 1885లో అలహాబాదు హైకోర్టు. మసీదులో గట్టిగా ఆమీన్ అన్నారని, ప్రార్థనకు భంగం కలిగించారని, శిక్షాస్మృతి 296వ సెక్షను కింద కేసు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కుమారుడు జస్టిస్ సయ్యద్ మహమూద్ మిగతా జడ్జీలతో ఏకీభవించక విడిగా రాశారు. హనఫీ గ్రంథాలు స్వయంగా చూసి, ఆమీన్ అనాలన్నదానిలో ఎవరికీ పేచీ లేదు, గొంతు సంగతే పేచీ అని, ప్రార్థనలో భాగంగా అన్నదాన్ని నేరం అనలేమని వాదించారు. శాంతి కోసం అనే మాట మీద శాంతిభద్రతల కేసు!

చివరగా కద్దీష్. యూదుల్లో చనిపోయినవారి కోసం కొడుకు నిలబడి చెప్పే ప్రార్థన. చాలావరకు అరామిక్‌లో ఉంటుంది. అందులో చావు ప్రసక్తే ఉండదు, దేవుడి నామం గొప్పదవుగాక అని స్తుతి మాత్రమే. మాటిమాటికీ ‘వె ఇమ్రూ ఆమేన్’ అంటాడు, అంటే ‘ఆమేన్ అనండి’ అని అడుగుతాడు. అనడానికి అక్కడ కనీసం పదిమంది ఉండాలి. తొమ్మిదిమందే వస్తే? అతను కద్దీష్ చెప్పడు. పక్క వీధిలో ఇంకొకరు దొరుకుతారేమో అని ఎవరినో పంపుతారు. ఆ పదోవాడు చనిపోయినాయన్ని చూసి ఉండక్కర్లేదు. వచ్చి, విని, ఆమేన్ అంటే చాలు.

నేను చెప్పదలచింది ఇంతే. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదు సమాజం ఉంది, దాని గురించి ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది. అది ఇంకో రోజుకు పెట్టుకుందాం. ప్లీడరుగారు 296వ సెక్షను మీద ఏదో అంటానంటున్నారు, ముందు ఆయనకు మైకు ఇవ్వండి.